నేను చూడని సిఫారసు ఉత్తరం

క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేయాలని నేను అనుకున్న రోజుల్లో మా ఇంట్లో ఆ పేరు పూర్తిగా పలికేది నేనొక్కదాన్నే. అమ్మ దాన్ని 'ఆ బ్యాంకు చదువు' అనేది. నాయన 'లెక్కల చదువు' అనేవాడు. ఇద్దరూ పెద్దగా తప్పేమీ అనలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ, అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. షేర్ల ధరలు, వడ్డీ రేట్లు ఎటు కదులుతాయో, ఎంత కదులుతాయో గణితంతో, కంప్యూటర్‌తో అంచనా వేయడం నేర్పే చదువని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వివరించేదాన్ని. నాయన శ్రద్ధగా విని, "అయితే లెక్కలే గదా" అనేవాడు.

మాది కావలికి తూర్పున, ఉప్పు కాలవ దాటాక వచ్చే ఊరు. మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. కావలిలో డిగ్రీ, బయట స్టాటిస్టిక్స్ పీజీ పూర్తిచేసి ఇంటికొచ్చి, ఒక్క ఏడాది గడువు అడిగాను. ఆ ఏడాదిలో సింగపూర్ కోర్సులో సీటు, స్కాలర్‌షిప్ తెచ్చుకోవాలి. రాకపోతే నెల్లూరులో దొరికిన ఉద్యోగంలో చేరిపోవాలి. ఎవరూ బలవంతం చేయలేదు, నా అంతట నేనే ఇచ్చిన మాట అది. మాటిచ్చిన వారానికే భయం పట్టుకుంది.

పరీక్షల భాగం నాకు కష్టమనిపించలేదు. ప్రాబబిలిటీ మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. మ్యాట్రిక్సులు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు తిరగేశాను. సి ప్లస్ ప్లస్ నేర్చుకున్నాను, అది నన్ను ఏడిపించింది, నేనూ దాన్ని తిట్టాను, చివరికి ఇద్దరం సర్దుకున్నాం. జీఆర్‌ఈలో లెక్కల మార్కులు బాగా వచ్చాయి, ఇంగ్లీషు మార్కులు పరువు కాపాడాయి. కష్టమంతా కాగితాల దగ్గరే వచ్చింది.

ఈ కోర్సులకు మార్కులతో సరిపోదు. 'ఎందుకు చదవాలనుకుంటున్నావు' అని ఒక వ్యాసం అడుగుతారు. నేను యూట్యూబ్‌లో పాతిక వీడియోలు చూసి, 'చిన్ననాటి నుండి నాకు ఆర్థిక మార్కెట్లంటే మక్కువ' అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. చిన్ననాట నాకు మక్కువ ఉన్నది తాటి ముంజల మీద. షేర్ మార్కెట్ అనే మాట మొదటిసారి డిగ్రీ రెండో ఏట విన్నాను. అయినా ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. వ్యాసంలో రొయ్యల ఊసు ఒక్క ముక్క లేకుండా జాగ్రత్త పడ్డాను. పెద్ద పెద్ద ఊళ్ళ పిల్లలు బ్యాంకుల్లో ఇంటర్న్‌షిప్‌లు చేసి వస్తుంటే, నేను మోకాళ్ళ దాకా బురదలో నిలబడ్డానని చెప్పుకోవడం నామోషీగా ఉండేది.

వ్యాసంతో పాటు మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. నన్ను చదివించిన వాళ్ళు నా గురించి రాసి, తామే ఆ యూనివర్సిటీకి పంపాలి. రాసింది నాకు చూపించకూడదు. 'ఆ ఉత్తరాలు చూసే హక్కు వదులుకుంటున్నాను' అని దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాలి. నేను క్షణం ఆలోచించకుండా పెట్టేశాను. ఎందుకంటే మా వైపు సిఫారసు ఉత్తరం రాసేది మాస్టారు కాదు, విద్యార్థే. మనమే రాసి తీసుకుపోతాం, వాళ్ళు సంతకం పెడతారు. మా సీనియర్లు అట్లాగే చేశారు, వాళ్ళ సీనియర్లూ అట్లాగే చేశారు. అది తప్పని మాకెవరికీ తోచలేదు. సార్ల సమయం వృథా చేయకుండా ముందే రాసుకుపోవడం మర్యాద అనుకునేవాళ్ళం.

అట్లా మూడు ఉత్తరాలూ నేనే రాశాను. మొదటిదానిలో నేను తెలివైనదాన్ని, రెండోదానిలో కష్టజీవిని, మూడోదానిలో రెండూను. పీజీలో నాకు పాఠాలు చెప్పిన ఇద్దరు సార్లకు పంపితే ఇద్దరూ సాయంత్రానికల్లా 'ఓకే అమ్మా' అని జవాబిచ్చి, తమ పేర్లతో యూనివర్సిటీకి పంపేశారు. మూడోది కావలిలో నాకు డిగ్రీలో లెక్కలు చెప్పిన మేడమ్ గారికి. ఆమె రిటైరై రెండేళ్ళయింది. ఫోన్‌లో పంపితే బాగుండదని కాగితం పట్టుకుని నేనే వెళ్ళాను.

మేడమ్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. వెనక గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు. నా కాగితం తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, రెండు సార్లు చదివారు. క్లాసులో తప్పు లెక్క చూసినప్పటి ముఖమే పెట్టారు.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"నేనే మేడమ్."

"ఈ పిల్ల నాకు తెలవదే. 'అసాధారణ ప్రతిభ' అంట, 'నాయకత్వ లక్షణాలు' అంట. మా క్లాసులో నువ్వు యాడ నాయకత్వం చేసినావు? మూడో బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్నావు, మూడేళ్ళూ."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"నేను దీని మీద సంతకం పెట్టనమ్మా."

దరఖాస్తు గడువు మూడు వారాలు కూడా లేదు. అందరూ ఇట్లాగే పెడతారు మేడమ్, మీరే మా సీనియర్లకు పెట్టారు గదా అని నోరు జారాను. ఆమె చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి, "పెట్టినాను. ఎన్ని పెట్టినానో తెలవదు. టీ తాగతా పెట్టినాను. అవి ఏమైనాయో, ఆ పిల్లోళ్ళు ఏమైనారో నాకు తెలవదు. ఇప్పుడు టైమ్ ఉండాది, రాస్తే నేనే రాస్తాను" అన్నారు. ఆ తర్వాత, "రాయాలంటే నువ్వేందో నాకు తెలియాల గదా. పరీక్షలు కాకుండా ఏం చేస్తుండావు ఊళ్ళో?" అని అడిగారు.

ఏం చేస్తున్నానని చెప్పను? నాయనకు గుంటల దగ్గర సాయం చేస్తున్నానని గొణిగాను. ఏం సాయమన్నారు. గుంటలో రొయ్యలు ఎన్ని ఉన్నాయో లెక్క కడుతుంటానన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు.

"నీళ్ళల్లో ఉండేటివి ఎట్టా లెక్క పెడతావు?"

"వల విసిరి మేడమ్. అంచనాగా."

"ఆదివారం ప్రార్థన అయినాక వస్తాను. చూపీ."

బస్సులో ఇంటికొస్తూ ఆమెను మనసులో నానా మాటలూ అన్నాను. సంతకం పెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఏమిటని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం ఆమె నిజంగానే వచ్చారు. కావలి నుంచి బస్సు, బస్సు దిగి షేర్ ఆటో, ఆటో దిగి గుంట గట్టు మీద నడక. మోకాళ్ళ నొప్పి మనిషి. తెల్లచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో గొడుగు పట్టుకుని వస్తుంటే నాయన కంగారుపడి ఎదురు వెళ్ళాడు. కుర్చీ తెచ్చి గట్టు మీద వేశాడు. అమ్మ టీ తెచ్చింది. నేను మాత్రం ఈ బురదంతా ఉత్తరంలోకి ఎక్కిస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను.

మేము చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. గుంటలో ఎన్ని రొయ్యలున్నాయో తెలిస్తేనే మేత ఎంత వేయాలో తెలుస్తుంది. ఎక్కువ వేస్తే నీళ్ళు చెడిపోతాయి, తక్కువ వేస్తే రొయ్య ఎదగదు. అందుకని విసురువల వేసి, పడిన వాటిని లెక్కపెట్టి, వల పరిచిన చోటుకు ఇన్నైతే గుంట మొత్తానికి ఎన్నని గుణిస్తాం. నాయన తనకు తోచిన చోట వల వేసేవాడు. అది పద్ధతి కాదని నేను గుంటను గళ్ళుగా గీసి, గళ్ళ నంబర్లు చీటీల మీద రాసి, స్టీలు గ్లాసులో వేసి తీసేదాన్ని. చీటీలో ఏ గడి వస్తే అక్కడే వల. పక్క గుంటల వాళ్ళు మమ్మల్ని చూసి చీటీల పాట పాడుతున్నారని నవ్వుకునేవాళ్ళు.

మేడమ్ స్వయంగా గ్లాసులోంచి చీటీలు తీశారు. నాయన వల వేశాడు, నేను లెక్కపెట్టాను, ఆమె తన పాత డైరీలో రాసుకున్నారు. సరాసరి ఆమే కట్టారు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగారు.

"ఈ పద్ధతి ఎప్పుడైనా తప్పిందా?"

నేను నాయన వైపు చూశాను. నాయన నీళ్ళ వైపు చూశాడు. లేదని చెప్పేయవచ్చు. చెప్పబోయాను కూడా. కానీ పరీక్ష పేపరు దిద్దేటప్పుడు ఆమె కళ్ళెట్లా ఉంటాయో నాకు తెలుసు.

"తప్పింది మేడమ్. మొదటి పంటలోనే."

జరిగింది చెప్పాను. ఆరోజు నేను చీటీలు తీస్తుంటే నాయన, "రెండు రోజులు ఆగు పాపా, ఈరోజు అమావాస్య" అన్నాడు. అమావాస్య అనేసరికి నాకు కోపం వచ్చింది. లెక్కకు తిథులేమిటి నాయనా, మనం ముహూర్తం పెట్టి వల వేయాలా అని ఎకసెక్కం చేశాను. నాయన, చదువుకున్న పిల్ల చెప్పింది గదా అని వల వేశాడు. వలలో చాలా తక్కువ పడ్డాయి. గుంటలో సగం చచ్చిపోయాయనుకుని నేను మేత సగానికి తగ్గించాను. నిజానికి ఒక్కటీ చావలేదు. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుంది. పెంకు విడిచిన రొయ్య ఒళ్ళు మెత్తబడి, అడుగున బురదలో దాక్కుంటుంది, వలకు రాదు. నాయన అన్నది ముహూర్తం కాదు, ఆ సంగతి. మేత చాలక బలమున్న రొయ్యలు మెత్తటి వాటిని తినేశాయి. పంట పట్టి అమ్మే రోజున చూస్తే కొన్ని అరచేతి పొడుగు, కొన్ని చిటికెన వేలంత. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

ఇదంతా విని మేడమ్ డైరీ మూసి, నాయనను అడిగారు. "మీకు తెలుసు గదయ్యా, ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినాను మేడమ్ గారూ. అమావాస్య అనే చెప్పడం వచ్చు నాకు. పాప భాషలో చెప్పడం రాలా."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నేను టీ గ్లాసులు తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాను. వచ్చేసరికి వాళ్ళిద్దరూ గట్టు మీద మాట్లాడుకుంటూ ఉన్నారు, నన్ను పట్టించుకోలేదు.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు నేను పడిన అవస్థ అంతా ఇంతా కాదు. దరఖాస్తు వెబ్‌సైట్‌లో రెండు ఉత్తరాల ఎదుట 'అందింది' అని, మూడోదాని ఎదుట 'అందలేదు' అని ఉండేది. రోజుకు పదిసార్లు చూసేదాన్ని. గడువు ఇంకా రెండు రోజులుందనగా ఆగలేక కావలి వెళ్ళాను. మేడమ్ బల్ల మీద రూళ్ళ కాగితాలు, నిఘంటువు, కొట్టివేతలు. ఆమె ఎప్పుడూ ఇంగ్లీషులో అంత పొడుగున రాయలేదు. "ఇంగ్లీషు ఒకసారి నేను చూసి పెడతాను మేడమ్" అన్నాను.

"నువ్వు చూస్తే అది నీ ఉత్తరం అయిపోద్దమ్మా. తప్పులు ఉంటే ఉండనీ, నాయే గదా."

"అమావాస్య సంగతి రాయొద్దు మేడమ్" అని బతిమాలాను. ఆమె జవాబు చెప్పకుండా, లోపల అరటిపళ్ళు ఉన్నాయి తీసుకో అన్నారు. ఆఖరి రోజు పొద్దున ఆమె నెట్ సెంటర్‌కు వెళ్ళి, ఓటీపీ రెండు సార్లు తప్పు కొట్టి, మూడోసారి పంపారని తర్వాత తెలిసింది. నా తెర మీద మాత్రం 'అందింది' అని వచ్చింది. ఆరోజు మా ఇంట్లో పాయసం చేశారు.

రెండు నెలలకు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. మా ఇంట్లో నెట్ సరిగ్గా అందేది మేడ మీద గదిలోనే. పొద్దున పదిన్నరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద ఇద్దరు, ఒక పెద్దాయన, ఒకామె. ప్రాబబిలిటీ లెక్కలు రెండు ఇచ్చారు, చేశాను. ఊపిరి పీల్చుకుంటుండగా పెద్దాయన కాగితాలు తిరగేసి, చాలా మర్యాదగా అడిగాడు. మీ సిఫారసు ఉత్తరాల్లో రెండు ఒకే మనిషి రాసినట్టున్నాయి, ఒకే వాక్యం రెండింటిలోనూ ఉంది, దీని గురించి మీకేమైనా తెలుసా అన్నాడు.

తెలియదని చెప్పవచ్చు. అప్పుడు నింద ఆ ఇద్దరు సార్ల మీద పడుతుంది. వాళ్ళు చేసింది నేను అడిగిన పనే. ఏడాది కష్టం కళ్ళ ముందే కొట్టుకుపోతున్నట్టనిపించింది. అయినా చెప్పేశాను.

"ఆ రెండూ నేనే రాశాను. మా దగ్గర అట్లా రాసి తీసుకుపోవడం అలవాటు. తప్పని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు."

పెద్దాయన పక్కనున్న ఆమె అడిగింది, మరి మూడోది?

"అది నేను రాసిపెడితే మా మేడమ్ ఒప్పుకోలేదు. ఆమె రాసింది నేను చూడలేదు."

వాళ్ళిద్దరూ మైకు ఆపుకుని ఏదో మాట్లాడుకున్నారు. నేను తెర మీద వాళ్ళ పెదవులు కదలడం చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ గొంతు వినిపించాక పెద్దాయన, ఆ రెండు ఉత్తరాలూ పక్కన పెడుతున్నామని చెప్పాడు. ఇక మిగిలిన ఒక్క దాని మీద అడుగుతామని, అమావాస్యనాడు మీ లెక్క ఎందుకు తప్పిందో చెప్పమన్నాడు.

మేడమ్ రాసేశారన్నమాట! ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఏమైందో గాని, చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. చీటీలు, గ్లాసు, వల, పెంకు విడవడం, అన్నీ చెప్పాను. నేను ఏ చోట వల వేయాలన్నది మాత్రమే ఆలోచించాను, ఏ రోజు వేయాలన్నది ఆలోచించలేదని చెప్పాను. రొయ్య అన్ని రోజులూ ఒకేలా ఉంటుందనుకోవడం నా తప్పని, మార్కెట్ కూడా అన్ని రోజులూ ఒకేలా ఉంటుందని లెక్క కట్టే వాళ్ళు అట్లాగే దెబ్బతింటారేమో తెలుసుకోవాలని ఉందని చెప్పాను. మా నాయన ఇరవై ఏళ్ళు నీళ్ళు చూసి చెప్పిన మాటను, అది తిథి పేరుతో వచ్చినందుకు మూఢనమ్మకమని తోసేశానని కూడా చెప్పాను. పెద్దాయన, రెండో పంటలో ఏం చేశారని అడిగాడు. నాయన చెప్పిన రోజున, చీటీ చెప్పిన చోట వల వేశామన్నాను. పక్కనున్నామె నవ్వింది.

ఏప్రిల్‌లో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్‌తో సహా. నాయన చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ అందుకుని, తనకు రాని ఇంగ్లీషును పైనుంచి కిందిదాకా చూసి, "మేడమ్ గారికి చెప్పినావా?" అన్నాడు. అదే అతని మొదటి మాట. మర్నాడు పొద్దున్నే మా గుంట రొయ్యలు కొన్ని ఐసు డబ్బాలో పెట్టించుకుని కావలి వెళ్ళాను.

ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో బస్సులో కూర్చుని మాటలు పేర్చుకున్నాను. తీరా వరండాలోకి వెళ్ళాక ఒక్కటీ రాలేదు. కాళ్ళకు దండం పెట్టబోతే వద్దంటూ చేతులు పట్టుకున్నారు. ఇంటర్వ్యూ సంగతంతా విన్నారు. మిగతా రెండు ఉత్తరాల మాట వచ్చినప్పుడు తల వంచుకున్నారు.

"నేను సంతకాలు పెట్టిన పిల్లోళ్ళని కూడా అట్టానే అడిగుంటారు గదా యాడో" అన్నారు. "నాకు చెప్పినోళ్ళు లేరు."

మీరు నన్ను చూశారు మేడమ్, ఇంతవరకు నన్ను ఎవరూ అట్లా చూడలేదు, నేనే నన్ను చూసుకోలేదు అన్నాను. ఆ మాత్రమే అనగలిగాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, చెప్పులు వెతుక్కుంటూ, "ఉదయగిరి బస్సు ఎన్నింటికి ఉండాదో నీకేమన్నా తెలుసా?" అని అడిగారు. బల్ల మీద ఇంకెవరో రాసుకొచ్చిన ఉత్తరం ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది. మా కాలేజీలోనే చదివిన పిల్లట, వాళ్ళది ఉదయగిరి వైపు మెట్టలో చిన్న ఊరట, తన చేతికింద చదివిందే గానీ ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదట.

"ఈ ఎండలో అంత దూరమా మేడమ్? ఆ పిల్ల మీకు తెలియను కూడా తెలియదు గదా."

"అందుకే గదమ్మా పోతుండేది" అన్నారు ఆమె.

నేను గొడుగు తీసుకుని ఆమె వెంట బస్టాండుకు నడిచాను.